రేపు పొద్దున్న డ్యూటీకి వెళ్లాలి కదా, మాస్టారూ!

ఏప్రిల్ వచ్చిందంటే విజయనగరంలోనూ, శ్రీకాకుళంలోనూ కూడళ్ల దగ్గర కరాటే ఫ్లెక్సీలు వెలుస్తాయి. గాల్లోకి ఎగిరి తన్నుతున్న కుర్రాడి బొమ్మ, పక్కన మెడల్సు వేసుకున్న మాస్టారి ఫొటో, అడుగున ‘5 నుంచి 15 సంవత్సరాల బాలబాలికలకు’ అని ఒక గీత. ఆ గీత చూసినప్పుడల్లా మైదానం గట్టు మీద కూర్చునేవాళ్లు గుర్తొస్తారు. పిల్లల్ని బండి మీద దింపి, గంటసేపు ఫోను చూసుకుంటూ గడిపే అమ్మలూ నాన్నలూ. వాళ్లలో కొందరికి మనసులో ఉంటుంది, తామూ దిగాలని. ఏడాదికి ఒకరిద్దరు నిజంగానే దిగుతారు. మూడో నెలకి కనపడరు. ఏమయ్యారని అడిగితే మాస్టార్లు చెప్పేది ఒకటే: “పెద్దోళ్లకి పట్టుదలుండదండీ. కాస్త నొప్పొస్తే మానెత్తారు.”

ఈమధ్య మళ్లీ ఆ మాటే విన్నాను. అది తప్పు. పట్టుదల లేని మనిషి నలభై దాటాక, తన కొడుకు ఈడు పిల్లల వెనక వరసలో వైట్ బెల్టు కట్టుకుని నిలబడడు. “ఏటి బావూ, ఈ వొయసులో నీకీ గెంతులేటి?” అని వీధిలో వాళ్లు అడిగాక కూడా మర్నాడు వచ్చాడంటే పట్టుదల ఉన్నట్టే. మానేస్తున్నది నొప్పి వల్లే, అది నిజం. కానీ ఆ నొప్పిలో వయసు వాటా తక్కువ, పిల్లల కొలతకి కుట్టిన క్లాసు వాటా ఎక్కువ.

పిల్లాడికి చీలమండ బెణికితే వారం రోజులు కుంటుతూ బడికి వెళ్తాడు. ఆటో నడిపే మనిషికి కుడి చీలమండ బెణికితే బ్రేకు తొక్కలేడు. ఆ వారం కిరాయి ఉండదు, ఫైనాన్సు వాయిదా మాత్రం ఉంటుంది. టైలరుకి బొటనవేలు, నర్సుకి నడుము, డీటీపీ చేసేవాడికి మణికట్టు, పలాసలో జీడిగింజలు కొట్టే మనిషికి రెండు చేతులూ. పెద్దవాళ్ల దెబ్బకి ఇంటి ఖర్చు ముడిపడి ఉంటుంది. అంచేత పెద్దవాళ్ల క్లాసుకి కొలబద్ద ఒక్కటే ఉండాలంటాను: ఇవాళ నేర్చుకున్న మనిషి రేపు పొద్దున్న డ్యూటీకి వెళ్లగలగాలి. మిగతావన్నీ, ఏ కిక్కు ఎప్పుడు, వార్మప్ ఎంతసేపు, ఎవరితో ఎవరికి జత అన్నవన్నీ ఆ ఒక్కదాన్నుంచే రావాలి.

బడిలో పుట్టిన వరసలు

క్లాసు పద్ధతి మార్చమంటే చాలామంది మాస్టార్లు సంప్రదాయం మాట ఎత్తుతారు. ఆ సంప్రదాయం సంగతే చూద్దాం. మన దగ్గర షోటోకాన్ శైలి కరాటే నేర్పేచోట మొదట చెప్పే హెయాన్ కటాలు (కటా అంటే వరస తప్పకుండా ఒంటరిగా చేసే గుద్దులూ కిక్కులూ అడ్డాల కూర్పు; హెయాన్‌ని ఇతర శైలుల్లో పినాన్ అంటారు) ఒకినావాలో ఇటోసు అంకో అనే గురువు 1900ల తొలి ఏళ్లలో బడిపిల్లల కోసం కూర్చినవి. వరసలు కట్టి, అంకెలు లెక్కపెడుతూ అందరూ ఒకేసారి గుద్దే పద్ధతి కూడా ఆ బడి వ్యాయామంతోనే స్థిరపడింది. అంతకుముందు అక్కడ ఒక గురువు దగ్గర కొద్దిమంది ఏళ్ల తరబడి ఒకటి రెండు కటాలు చేసేవారు. 1922లో కరాటేని టోక్యోకి తీసుకెళ్లిన ఫునకోషి గిచిన్ కూడా అప్పటికే యాభై దాటిన బడిపంతులు. కాబట్టి నలభై ఏళ్ల శిష్యుడి కోసం క్లాసు సవరించుకుంటే సంప్రదాయానికి వచ్చిన లోటేమీ లేదు.

ఇప్పుడు మన మైదానాల్లో జరిగే గంట ఎలా ఉంటుంది? మూడు రౌండ్లు పరుగు, కప్పగంతులు, బాతునడక, వేళ్ల కణుపుల మీద పుషప్స్. తరవాత కాళ్లు చాపి కూర్చోబెట్టి, వెనకనుంచి ఒకడు వీపు మీద ఎక్కి నొక్కడం. ఆపైన కిక్కులు. పదేళ్ల పిల్లాడు ఇందులో చాలావరకు తట్టుకుంటాడు. పెద్దవాడికి ఇందులో దాదాపు ప్రతిదానికీ ఒక లెక్క ఉంది.

బాతునడక సంగతి. గొంతుక్కూర్చున్నప్పుడు మడమలు నేలకి ఆనుతాయా లేదా అన్నది మొదటిరోజే చూడాలి. పొలం పని, ఇంటి పని చేసేవాళ్లకి చాలావరకు ఆనుతాయి. ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చున్నవాళ్లకి మడమలు లేస్తాయి. మడమ లేచిన మనిషిని బాతులా నడిపిస్తే బరువంతా మోకాలి చిప్ప కిందికి పోతుంది. అటువంటి వాళ్లకి మడమల కింద అంగుళం చెక్క పెట్టి, గోడ పట్టుకుని, పదిసార్లు కూర్చుని లేవడం చాలు. మూడు నాలుగు నెలల్లో చెక్క తీసేయొచ్చు. బాతునడక అసలెప్పటికీ అక్కర్లేదు.

వీపు మీద ఎక్కి నొక్కడం మరీ దారుణం. తొడ వెనక కండరం పిరుదు కింద ఎముకకి అతుక్కునే చోట చిరుగుతుంది. అది నెలల తరబడి మానదు. కుర్చీలో కూర్చున్నా, బండి నడిపినా పోటు పెడుతూనే ఉంటుంది. సాగదీసి అలాగే పట్టి ఉంచే స్ట్రెచింగ్ క్లాసు చివర, ఒళ్లు వేడెక్కి ఉన్నప్పుడు చెయ్యాలి. మొదట్లో చెయ్యవలసినవి కదులుతూ చేసేవి: చేతులు తిప్పడం, నడుము తిప్పడం, కాలు ముందుకీ వెనక్కీ ఊపడం, మెల్లగా కూర్చుని లేవడం. పిల్లలకి మూడు నిమిషాలు సరిపోయే చోట పెద్దవాళ్లకి పది పన్నెండు పడుతుంది, చలికాలం తెల్లవారుజామున ఇంకో అయిదు.

ఇక అసలు దొంగ మవాషి గెరి, అంటే పక్కనుంచి తిప్పి తన్నే కిక్కు. తన్నే కాలికి ఏమీ కాదు, దెబ్బ తగిలేది నిలబడ్డ కాలికి. తుంటి తిరుగుతున్నకొద్దీ ఆ పాదం కూడా నేల మీద తిరగాలి, మడమ దాదాపు ఎదుటివాడి వైపుకి రావాలి. గరుకు సిమెంటు మీద ఉత్తకాళ్లతో, అందులోనూ చెమటకి పాదం అతుక్కుపోతే తిరగదు. పైన తుంటి తిరిగింది, కింద పాదం తిరగలేదు. మధ్యలో మెలిపడేది మోకాలు. లోపలి మెత్తటి గుజ్జు, అదే మెనిస్కస్, నలభై దాటాక ఇంతమాత్రానికే చిరుగుతుంది. టక్కున ఒక చప్పుడు, ఆ రాత్రికి వాపు, తర్వాత మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేసినట్టుండడం. కనుక పెద్దవాళ్లకి ఈ కిక్కుని మూడు ముక్కలుగా నేర్పాలి. గోడ పట్టుకుని ముందు పాదం తిప్పడం. పాదం తిరిగాక మోకాలు ఎత్తడం. ఆ తరవాతే తన్నడం, అదీ తొడ ఎత్తుకి. మొదటి ఏడాది నడుము దాటి పైకి కాలు లేవనక్కర్లేదు. తలమీద తన్నే కిక్కు ఫ్లెక్సీకి బాగుంటుంది.

ముందు పడటం నేర్పండి

నా మట్టుకు నేనయితే పెద్దవాళ్లకి మొదటి నెలంతా పడటమే నేర్పిస్తాను. జూడో, అయికిడో వాళ్లు ఉకెమి అంటారు. కరాటే క్లాసుల్లో దీన్ని దాదాపు వదిలేశారు, ఎందుకంటే పోటీల్లో దానికి పాయింట్లు రావు. కానీ యాభై ఏళ్ల మనిషిని రోడ్డు మీద ఎవరో వచ్చి గుద్దే అవకాశం కన్నా, బాత్రూములో జారిపడే అవకాశం, వర్షంలో స్కూటీ పక్కకి ఒరిగిపోయే అవకాశం చాలా ఎక్కువ. వెనక్కి పడుతున్న మనిషి చేసే మొదటి పని చెయ్యి వెనక్కి చాచి ఆపుకోవడం. ఒంటి బరువంతా ఆ అరచేతి మీద పడి మణికట్టు విరుగుతుంది. ఆ అలవాటుని మాన్పించడమే ఉకెమి.

మొదటి వారం పడుకునే చెయ్యాలి. వెల్లకిలా పడుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, కళ్లు బెల్టు ముడి మీద పెట్టాలి. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, ఒక్కసారి విప్పి నేలని కొట్టాలి. చేతులు ఒంటికి నలభై అయిదు డిగ్రీలకి మించి దూరం పోకూడదు. భుజం ఎత్తుకి పోతే భుజం దెబ్బతింటుంది. కొట్టేది అరచెయ్యీ, ముంజెయ్యీ కలిసి, ఒకేసారి. మోచెయ్యి ముందు తగిలితే ఆ పోటు ఆ రోజంతా ఉంటుంది. కొడుతున్నప్పుడు ఊపిరి బయటికి వదలాలి. రెండో వారం కూర్చున్న చోటినుంచి వెనక్కి దొర్లడం. మూడో వారం గొంతుక్కూర్చుని, పిరుదుల్ని మడమల దగ్గరే దించి, వీపుని గుండ్రంగా చేసి దొర్లడం. పిరుదులు మడమలకి దూరంగా దిగితే తోక ఎముక నేలకి కొడుతుంది, అదే చాలామంది చేసే తప్పు. నిలబడి పడటం నాలుగో వారం తరవాతే. విడతకి పదిసార్లు చాలు. తల బరువెక్కినా, మెడ పట్టేసినా ఆ రోజుకి ఆపెయ్యాలి.

దీనికి నేల ముఖ్యం. బజార్లో దొరికే, ఒకదాంట్లో ఒకటి ఇరికించే ఫోము షీట్లు ఇరవై మిల్లీమీటర్లవి నిలబడి చేసేవాటికి పనికొస్తాయి. పడటానికి నలభై మిల్లీమీటర్లవి కావాలి. అంత ఖర్చు పెట్టలేని చోట ఇసక కంటె, పాత పరుపు మీద టార్పాలిన్ బిగించి కట్టడం మేలు. ఇసకలో చెయ్యి కూరుకుపోయి సరిగా కొట్టడం రాదు.

షుగరున్న వాళ్లలో భుజం బిగుసుకుపోయే జబ్బు మామూలు మనుషులకన్నా ఎక్కువ. చెయ్యి పైకి లేపి జడ వేసుకోలేని మనిషికి నేలని కొట్టడం వద్దు. చేతులు ఛాతీ మీదే ఉంచుకుని, గడ్డం దాచి దొర్లడం ఒక్కటీ నేర్పినా ఆమె తల కాచుకుంటుంది.

మాత్రలు వేసుకునే ఒంటితో

చేరేటప్పుడు పిల్లల ఫారంలో పేరు, తరగతి, బ్లడ్ గ్రూపు రాయించుకుంటారు. పెద్దవాళ్లని అడగవలసింది, ఏ మాత్రలు వేసుకుంటున్నారని. అది అడగడానికి మాస్టారికి మొహమాటం, చెప్పడానికి శిష్యుడికి నామోషీ.

బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వేసుకునేవాళ్లకి గుండె వేగం ఒక హద్దు దాటి పెరగదు. చేతికి వాచీ కట్టుకుని నాడి లెక్క చూసుకుంటే, ఇంకా తేలిగ్గానే ఉన్నట్టు చూపిస్తుంది. ఒళ్లేమో అయిపోయి ఉంటుంది. వాళ్లకి సరైన కొలత మాట: చేస్తూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఆయాసం వస్తే తగ్గించాలి. బీపీ ఉన్న ఎవరికైనా ఊపిరి బిగబట్టడం చెడ్డది. సాన్‌చిన్ కటాలో ఒళ్లంతా బిగించే పద్ధతి, గోడని తోస్తున్నట్టు గుద్దడం, ఇవి రక్తపోటుని ఆ కొద్ది క్షణాల్లోనే బాగా పైకి లేపుతాయి. గుద్దు చివర నోటితో ఊపిరి వదలాలి, అరిచినా సరే.

షుగరుకి ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ గాని వాడే మనిషి మధ్యాహ్నం ఒంటిగంటకి భోంచేసి, సాయంత్రం ఆరుకి క్లాసుకి వస్తే ఏడింటికి షుగరు పడిపోవచ్చు. 70 కిందికి వస్తే చెమట, వణుకు, చిరాకు, కళ్లు మసక. క్లాసులో అందరికీ చెమట పడుతూనే ఉంటుంది కనుక ఎవరూ పట్టించుకోరు. పైన చెప్పిన అటెనొలాల్ లాంటి మాత్ర కూడా వేసుకునే మనిషికి ఆ వణుకూ, దడా సరిగా తెలియవు. అంచేత క్లాసుకి గంట ముందు ఒక గ్లాసు చోడి అంబలో, రెండు ఇడ్లీలో తిని రావాలి. సంచీలో పంచదార పొట్లం ఉండాలి: మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగి, పావుగంట కూర్చుని మళ్లీ చూసుకోవాలి. అరికాళ్లు తిమ్మిరెక్కే వాళ్లు ఉత్తకాళ్లతో చెయ్యకూడదు. మెత్తటి అడుగు ఉన్న బూట్లు వేసుకోనివ్వాలి, డోజో (సాధన చేసే చోటు) మర్యాద అని పట్టుబట్టడం తగదు. షుగరు ఉండి ఎప్పుడూ కంటి లోపలి పొర పరీక్ష చేయించుకోని మనిషి గెంతులకీ, తల కిందికి వంచే వ్యాయామాలకీ ముందు ఆ పరీక్ష చేయించుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఇంకో సంగతి. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అటువంటి చోట, మొదటి వారం ఒళ్లు నొప్పులకి మందుల షాపులో డైక్లోఫెనాకో, అసిక్లోఫెనాకో కొనుక్కుని మింగి, మర్నాడు మళ్లీ ఎండలో చెమటోడ్చడం ఎంత ప్రమాదమో మాస్టార్లకి తెలియాలి. నొప్పి మాత్ర కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. చెమటకి నీరు తగ్గితే అదీ రక్తాన్ని తగ్గిస్తుంది. దానికి తోడు టెల్మిసార్టాన్‌తో మూత్రం ఎక్కువ పోయే హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపిన బీపీ మాత్ర ఉంటే మూడూ ఒకే చోట దెబ్బ కొడతాయి. నొప్పి మాత్ర వేసుకుంటే తప్ప క్లాసుకి రాలేని మనిషి ఆ రోజు రాకూడదు, అంతే. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించుకునే ముందు ఒకటి రెండు రోజులు గట్టి వ్యాయామం ఆపాలి. కండలు అలిసి ఉంటే ఆ అంకె కాస్త పెరిగి కనిపిస్తుంది, ఉత్తపుణ్యానికి భయపడాల్సి వస్తుంది.

నీళ్ల లెక్క సులువే. క్లాసుకి ముందూ, తరవాతా బరువు చూసుకోవాలి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. డెబ్భై కిలోల మనిషి కిలోన్నర దగ్గరికి వచ్చాడంటే అప్పటికే ఆలస్యం. మన తీరం గాలిలో మే నెలలో చెమట ఆరదు, కారుతుంది. ఆరని చెమటతో ఒళ్లు చల్లబడదు. ఆ నెలల్లో బరువైన కాన్వాసు డ్రెస్సు బదులు పలచటి బట్ట, పావుగంటకోసారి నీళ్లు, ఇంటికెళ్లాక ఉప్పేసిన మజ్జిగ. కిడ్నీకో, గుండెకో వైద్యం జరుగుతున్న వాళ్లకి నీళ్లూ ఉప్పూ కొలతగా ఇస్తారు కనుక వాళ్ల డాక్టరు మాటే లెక్క.

కళ్లజోడు, మెట్టెలు, పుస్తెలతాడు

పిల్లలకి లేనివి పెద్దవాళ్ల ఒంటి మీద చాలా ఉంటాయి. మెట్టెలు ఫోము షీటు అతుకులో ఇరుక్కుంటాయి. కాలు తిరుగుతుంది, వేలు తిరగదు. తియ్యమంటే చాలామంది ఆడవాళ్లు ఒప్పుకోరు, ఒప్పించనక్కర్లేదు కూడా. మెట్టె వేలినీ పక్క వేలినీ కలిపి మెడికల్ టేపు రెండు చుట్లు చుడితే చాలు. పుస్తెలతాడు లోపలి బట్టకి పిన్నుతో కాకుండా గుడ్డ ముడితో బిగించాలి. పిన్ను ఊడితే గుచ్చుకుంటుంది. ఉంగరం మాత్రం తీసెయ్యాల్సిందే. అది రాకపోతే జతగా చేసే పట్టుల జోలికి ఆ రోజు వెళ్లొద్దు. దూరానికీ దగ్గరికీ రెండు చూపులున్న కళ్లజోడుతో కిందికి చూస్తే నేల దగ్గరగా కనిపిస్తుంది. కిక్కు దూరం తప్పుతుంది, మెట్టు తప్పినట్టే పాదం తప్పుతుంది. దూరపు చూపుకి మాత్రమే పాత జోడు ఒకటి ఉంచుకుని, వెనక తాడు కట్టుకుంటే సరి. కట్టుడు పళ్లు తీసి డబ్బాలో పెట్టాలి.

“అలాగైతే అది కరాటే ఎలా అవుతుందండీ?”

ఇది మాస్టార్ల అభ్యంతరం, తోసేసేది కాదు. కిక్కు తొడ ఎత్తుకి, బాతునడక లేదు, నొప్పి మాత్ర వేసుకుంటే రావద్దు. ఇంత మెత్తన చేస్తే ఇక మిగిలింది యోగాయో, వాకింగో కదా, దానికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు చాలదా? అసలు కష్టం లేని విద్య విద్యేనా?

కష్టం ఉండాలనే నేనూ అంటాను. అది కీళ్ల మీద కాకుండా ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. జెన్‌కుత్సు దాచిలో, అంటే ముందు మోకాలు వంచి నిలబడే భంగిమలో, పాదాల మధ్య దూరం ఒక జాన తగ్గించి, మోకాలు రెండో వేలి సూటిలో ఉంచి, ఒక్కో వైపు ఒక నిమిషం కదలకుండా నిలబడమనండి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి కూడా తొడలు వణుకుతాయి. మోకాలు లోపలికి వాలిన క్షణం ఆపాలి, అదొక్కటే షరతు. ఒకే కటాని మెల్లగా, ఒక్కో కదలికకి ఒక ఊపిరి లెక్కన చెయ్యమనండి. చేతిప్యాడ్ మీద మూడు నిమిషాలు గుద్దించి ఒక నిమిషం ఆపి, అలా నాలుగు విడతలు చెయ్యమనండి. ఇవేవీ మెత్తనివి కావు. మర్నాడు కండలు నొప్పెడతాయి, రెండో రోజు ఇంకా ఎక్కువ నొప్పెడతాయి, మూడో రోజుకి తగ్గుముఖం పడతాయి. అది రెండు వైపులా సమానంగా ఉండే నొప్పి, దాంతో డ్యూటీకి వెళ్లొచ్చు. ఒక్క కీలులో, ఒక్క చోట, సూదిలా పోటు పెట్టి వాస్తే అది వేరు. మొదటిదాన్ని తట్టుకోవడమూ, రెండోదానికి ఆగడమూ రెండూ నేర్పాలి.

ఇంకో చిక్కు ఉంది. కండలు రెండు మూడు నెలల్లో బలపడతాయి, వాటిని ఎముకకి కట్టే నరాల్లాంటి టెండన్లు అంత తొందరగా బలపడవు. మూడో నెలలో మనిషికి హుషారు వస్తుంది, మాస్టారూ మెచ్చుకుని డోసు పెంచుతారు, మడమ వెనక పట్టేస్తుంది. పెద్దవాళ్లు ఎక్కువగా జారిపోయేది సరిగ్గా ఇక్కడే. వాళ్లు చాలక మానలేదు, బాగా చేస్తున్నామనుకున్నప్పుడే మానేశారు.

బెల్టు కూడా ఈ గొడవలో భాగమే. జపానులో జిగోరో కానో 1882లో జూడో బడి తెరిచి, కొన్నేళ్లకి బ్లాక్ బెల్టు పద్ధతి పెట్టాడు. కరాటేలోకి అది 1924లో ఫునకోషి చేతుల మీదుగా వచ్చింది. రంగురంగుల బెల్టులు ఇంకా తరవాతివి. మూడు నెలలకో గ్రేడింగు, అంటే బెల్టు పరీక్ష, పెట్టడం పిల్లలకీ, ఫీజు కట్టే తల్లిదండ్రులకీ బాగానే ఉంటుంది. పెద్దవాళ్లకి ఆ గడువే చేటు. గ్రేడింగు దగ్గర పడుతోందని బెణికిన కాలుతో వస్తారు. పెద్దవాళ్లకి ఆరు నెలలకోసారి చాలు, అదీ అడిగితేనే. స్పారింగులో, అంటే ఎదురెదురుగా తలపడే సాధనలో, జత కూడా బెల్టు రంగుని బట్టి కాకుండా బరువునీ, వయసునీ బట్టి వెయ్యాలి. డెబ్భై కిలోల వైట్ బెల్టుకి ముప్ఫై కిలోల బ్రౌన్ బెల్టు పిల్లాణ్ని జత చేస్తే ఇద్దరికీ చదువు రాదు. ఒకడు చెయ్యి ఆపుకుంటూ ఉంటాడు, ఇంకొకడు భయపడుతూ ఉంటాడు.

ఆత్మరక్షణ మాట కూడా తేల్చేద్దాం. వారానికి రెండు గంటలు చేసిన మనిషి కత్తి పట్టుకున్నవాణ్ని ఎదిరించలేడు. అలా చెప్పి ఫీజు తీసుకోవడం అబద్ధం. చెయ్యి పట్టుకుంటే బొటనవేలి వైపుకి తిప్పి లాగెయ్యడం, గట్టిగా అరవడం, పరిగెత్తడం, పడితే లేవడం, ఇవి వస్తాయి. అవే చాలా సందర్భాల్లో పనికొచ్చేవి.

బి షిఫ్టు వారం

పైడిభీమవరం మందుల కంపెనీల్లో, జూట్ మిల్లుల్లో పనిచేసే మనిషికి వారం వారం షిఫ్టు మారుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదిదాకా బి షిఫ్టు పడిన వారం సాయంత్రం క్లాసు ఎలాగూ పోతుంది. సి షిఫ్టు దిగి నిద్ర లేని ఒంటితో స్పారింగుకి రాకపోవడమే మంచిది, చెయ్యి అడ్డం పెట్టడం ఆలస్యమవుతుంది. ఇంట్లో వంట చేసే మనిషికి సాయంత్రం ఆరున్నరకి స్టవ్వు, పొద్దున్న ఆరింటికి కుళాయి. పైడితల్లి సిరిమాను వారం, సంక్రాంతి, పిల్లల పరీక్షలు, ఉడుపులు, కోతలు, అయ్యప్ప మాల నలభై ఒక్క రోజులు: పెద్దవాళ్ల ఏడాదిలో ఖాళీలు ముందే తెలిసినవి. వాటిని బద్ధకం కింద జమకట్టే బదులు క్యాలెండరులో రాసుకుని, ఆ వారాలకి ఇంటి సాధన ఇవ్వాలి.

ఇంటి సాధనకి ఆరడుగుల చోటు, ఇరవై నిమిషాలు చాలు. అయిదు నిమిషాలు కీళ్లు తిప్పడం, అయిదు నిమిషాలు భంగిమ పట్టి నిలబడడం, అయిదు నిమిషాలు అద్దం ముందు మెల్లగా గుద్దులు, ఆఖరి అయిదు కటా. చోటు చాలకపోతే ప్రతి రెండడుగుల తరవాత ఒక అడుగు వెనక్కి జరిగి కొనసాగించొచ్చు. మేడ మీద చేసేవాళ్లు తెల్లవారుజామున మంచుకి నేల జారుతుందని చూసుకోవాలి. పదిహేను రోజులు మానేసి వచ్చినవాళ్లు మొదటి క్లాసు సగమే చెయ్యాలి, వదిలేసిన చోటినుంచి అందుకోబోతే ఆ రాత్రే తెలుస్తుంది.

జపాను విద్యే కావాలని కూడా లేదు. వీరఘట్టంలో 1882లో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో పెరిగి, అక్కడే వ్యాయామం నేర్పిన మాస్టారు. ఆయన పేరే శ్రీకాకుళం స్టేడియానికి పెట్టుకున్నాం. మన పల్లెల్లో సాముగరిడీలకి ఇప్పటికీ నెరిసిన తలలవాళ్లు ముందుంటారు, వాళ్లని ఈ వయసులో ఎందుకని ఎవరూ అడగరు. మోకాళ్లు అరిగినవాళ్లకి కర్రసాము మంచిది. గెంతు తక్కువ, భుజాలూ మణికట్టూ ఎక్కువ. భుజం ఎత్తు వెదురు కర్ర తీసుకుని, కణుపులు గరుకు కాగితంతో రుద్ది, రెండు కొసలా టేపు చుట్టాలి. పగులు కనబడిన కర్ర పారెయ్యాలి, దాని పేడు కంట్లోకే వస్తుంది. మొదటి నెల ముందువైపు ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం ఒక్కటే, తల మీదుగా తిప్పడం తరవాత. పక్కవాడికి రెండు కర్రల దూరం.

ఈ ఏప్రిల్‌కి ఫ్లెక్సీ వేయించబోయే మాస్టార్లు ఆ వయసు గీత కింద పెద్దవాళ్ల బ్యాచి అని ఇంకో గీత వేయించొచ్చు: వారానికి రెండు రోజులు, మధ్యలో రెండు రోజులు ఎడం ఉండేలా, మంగళవారం శుక్రవారం లాగ. పొద్దున్న అయిదుంపావుకి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి, షిఫ్టుని బట్టి ఎటైనా రావొచ్చన్నట్టు. ఫీజు నెలకి కాకుండా పన్నెండు క్లాసుల కార్డు లెక్కన తీసుకుంటే బి షిఫ్టు వాడికి డబ్బు దండగ కాదు, మాస్టారికి సొమ్ము ముందే చేతికొస్తుంది. కార్డు గడువు మాత్రం మూడు నెలలుండాలి, లేకపోతే కోతల టైములో సగం క్లాసులు మురిగిపోతాయి.